కాదు అంటే చెవి

ఆడి 1, గురువారం. ఉదయం 6.10

కొత్త నోటు పుస్తకం. తమిళుల ఆడి నెలా, నా వ్రతమూ ఈ రోజే మొదలు. కానీ ముందు పోయిన సోమవారం సంగతి రాయాలి. అది మామూలు ఉదయమే.

ఐదున్నరకు లేచాను. వాకిట నీళ్ళు చల్లి ముగ్గు వేశాను. కొండ మీద దీపాలు ఇంకా ఆరలేదు. అరక్కోణం వైపు వెళ్ళే రైలు కూత వేసింది, అది బాగానే వినిపించింది. కుక్కర్‌లో కందిపప్పు పెట్టి, మూడు విజిళ్ళకు దించాలనుకుని పూజలో కూర్చున్నాను. స్వామికి హారతి ఇస్తూ గంట ఊపాను. మోగలేదు. మళ్ళీ ఊపాను. లోపలి నాలుక ఊగుతోంది, శబ్దం లేదు. పాత గంట, అరిగిపోయి ఉంటుంది. ఒక విజిల్ వినిపించింది. చాలాసేపటికి రెండోది. మూడోదాని కోసం కూర్చునే ఉన్నాను. స్వామి ముందు తొందరేముంది?

రంజని పరుగెత్తుకొచ్చింది. మా తమ్ముడు ధనకోటి భార్య.

"వదినా! ఏడు విజిల్ అయిపొయ్యింది! వాసన కూడా రాల్యా మీకు?"

పప్పు బొగ్గు.

ధనకోటిని పిలిచి కొత్త గంట తెమ్మన్నాను. వాడు ఊపి చూశాడు.

"బాగానే మోగతా ఉండాదే అక్కా."

నిన్న తిరువళ్ళూరు వెళ్ళాం. చెవి డాక్టరు చిన్నపిల్ల. పేరు మనస్వి. ఇంట్లో పెద్ద శబ్దాలేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. ధనకోటి పక్కనుంచి అందుకున్నాడు. మగ్గాల షెడ్డులో పెరిగినవాడు, వాడికి మెల్లగా మాట్లాడటం తెలియదు.

"ముప్పై ఏండ్లు పవర్‌లూమ్ మేడమ్! ఇప్పుడు నా కొడుకు నైట్ క్లబ్బు!"

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పట్టుచీర, విభూతి, నైట్ క్లబ్బు.

"తిరుత్తణిలోనా?" అంది డాక్టరు.

మగ్గాలు అమ్మేశాక ఇంటి వెనక షెడ్డు ఖాళీగా ఉండేది. మేనల్లుడు శ్రీకర్, ఇరవై నాలుగేళ్ళు, అందులో రంగు లైట్లు కట్టి, పెద్ద బాక్సులు పెట్టాడు. శుక్ర, శనివారాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. కాలేజీ పిల్లలు వచ్చి గెంతుతారు. మందు లేదు. రోజ్‌మిల్క్ ఉంది. నేను తొమ్మిదికి పడుకుంటాను కాబట్టి ఎనిమిదికి తలుపు మూస్తారు. రాత్రి రాకముందే మూసే నైట్ క్లబ్ ఇదొక్కటేనని పిల్లలు నవ్వుకుంటారు. రోజ్‌మిల్క్ బల్ల నాది. మిక్సీ ప్లగ్గు అక్కడే ఉందని దాన్ని అన్నిటికంటే పెద్ద బాక్సు పక్కన వేశారు. చైత్రం నుంచీ అక్కడే నిలబడ్డాను.

డాక్టరు చెప్పింది: "చెవి లోపల వెంట్రుకల కంటే సన్నటివి ఉంటాయమ్మా. పెద్ద శబ్దానికి పడిపోతాయి. పడినవి లేవవు. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోండి."

నియమాలు, నలభై ఎనిమిది రోజులకు, స్వామి పటం కింద అంటించాను:
1. క్లబ్ వేళల్లో చెవులకు ప్లగ్గులు.
2. బాక్సుకు పది బారల దూరం.
3. ఫోన్‌లో శబ్దం కొలత నూరు దాటితే పావుగంటకు మించి ఉండరాదు.
4. తర్వాత ఒక గంట మౌనం, విశ్రాంతి.

"ఆడి నెలలో ఎవురూ ఏదీ మొదలుపెట్టరు వదినా," అంది రంజని.

చెవికి నెలలు తెలియవన్నాను.

ఆడి 2, శుక్రవారం. రాత్రి 8.20

ప్లగ్గులు నారింజ రంగు. చిటికెన వేలి కొసంత ఉంటాయి. వేళ్ళతో నలిపి సన్నం చేసి, చెవిని పైకి లాగి దూర్చి, లోపల ఉబ్బేదాకా వేలు ఆనించి ఉంచాలి. మూడోసారికి కుదిరింది.

బల్లను తలుపు దగ్గరికి జరిపించాను. మిక్సీకి పొడుగు వైరు. బాక్సు దగ్గర కొలత నూట నాలుగు, నా దగ్గర తొంభై ఒకటి. ప్లగ్గులతో లోకమంతా పరుపు కింద దాచినట్టు ఉంది. నా శ్వాస నాకు వినిపించింది!

శ్రీకర్‌కూ ఒక జత ఇవ్వబోయాను.

"ఏందత్తా?"

చెప్పాను.

"ఏందత్తా?"

మళ్ళీ చెప్పాను.

"ఆఁ, రోజ్‌మిల్క్ వద్దులే."

పొగరు. పెద్దవాళ్ళ మాట వినడు.

ఆడి 3, శనివారం

నూట ఎనిమిది నామాలు, ఒక్కటీ తప్పలేదు. ఇన్నేళ్ళలో జపం ఇంత బాగా కుదిరింది లేదు. ఎదురుగా అరవై మంది గెంతుతున్నారు. మురుగా, నీ దయ!

ఆడి 6, మంగళవారం. మధ్యాహ్నం 3.00

క్లబ్ వేళల్లో ప్లగ్గులు పెట్టుకోవాలని నియమం. మిగతా వేళల్లో పెట్టుకోకూడదని ఎక్కడా లేదు.

ఉదయం జపానికి పెట్టుకున్నాను. తీయబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాకా ఉంచుకున్నాను. రంజని వచ్చి ఏదో చాలాసేపు చెప్పింది. పెదవులు చూస్తే సగం తెలుస్తుంది, మగ్గాల ఇళ్ళలో అందరికీ అలవాటే. మిగతా సగం కోసం ఎవరు ప్లగ్గులు తీస్తారు? ఊఁ అన్నాను. సంతోషంగా వెళ్ళింది. శ్రీకర్ వచ్చి చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. ఊఁ అన్నాను. వాడు నా బుగ్గ గిల్లి పరుగెత్తాడు.

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంది!

ఆడి 9, శుక్రవారం. మధ్యాహ్నం 12.30

ఆటోలో రంజని తల్లి కన్నియమ్మ దిగింది. ఆరంబాక్కం నుంచి. మూడు సంచులు, ఒక ఆకువక్క రోలు. డెబ్బై ఎనిమిదేళ్ళు, పళ్ళు లేవు.

"రెండు నెలలుంటాది వదినా," అంది రంజని. "మంగళవారం అడిగితే మీరే కదా ఊఁ అనింది."

మా నాయన తిరుమలయ్య పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా ఊఁ లేకుండా ఆకు కదలదు. ఊఁ అన్నాక వెనక్కి తీసుకున్నది లేదు. రమ్మన్నాను.

2.00

ఇంకో వ్యాను. రెండు కొత్త బాక్సులు. ఒక్కొక్కటి బీరువా అంత.

"యాడ పెడతావురా ఇవి?"

"అదేందత్తా, పూజ రూము గోడకి ఆనించి పెడతానంటే ఊఁ అన్నావే!"

రాత్రి 8.30

సాయంత్రం కొలత: నూట ఎనిమిది. తలుపు దగ్గర కూడా. పూజలో స్వామి పటం గోడ మీద టకటకమంది. ప్లగ్గులు పెట్టుకున్నందువల్లే శబ్దం పెరిగింది. డాక్టరు ఈ సంగతి చెప్పలేదు.

మూడో నియమం ప్రకారం పావుగంటలో లేవాలి. రోజ్‌మిల్క్ ఎవరు కలుపుతారు? రెండు గంటలు ఉన్నాను. ఈ ఒక్క రోజే.

ఆడి 10, శనివారం

ఈ ఒక్క రోజే.

ఆడి 13, మంగళవారం. సాయంత్రం 4.00

గోపాలన్ వచ్చాడు. మా వీధి ఆడి ఉత్సవానికి అతనే పెద్ద. తమిళాయన, మంచివాడు, మహా భక్తుడు. ఒకటే చిక్కు: మీసం. పై పెదవీ కింది పెదవీ కనిపించవు.

ప్లగ్గులతో ఉన్నాను. ఏదో అడిగాడు. మిద్దె వైపు వేలు చూపించాడు. రెండు వేళ్ళు చూపించాడు. చేతులు గొట్టంలా నోటి దగ్గర పెట్టుకున్నాడు. స్పీకర్లని అర్థమైంది! బాక్సులు దిగిన రోజే ఇక ఊఁ అననని ఒట్టు పెట్టుకున్నాను, అందుకే గట్టిగా అన్నాను:

"కాదు! కాదు!"

అంటూనే ప్లగ్గు తీయడానికి చెవి మీద చెయ్యి వేశాను.

అతను నా చెవినే చూశాడు. కళ్ళు తడి అయ్యాయి. దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఎంత మర్యాద!

ఆడి 14, బుధవారం. ఉదయం 5.00

మా మిద్దె మీద రెండు గొట్టం స్పీకర్లు. రెండూ నా కిటికీ వైపే!

5.40

విచారించాను. నేను తెలుగులో కాదన్నాను. తమిళంలో కాదు అంటే చెవి. చెవి మీద చెయ్యి వేసుకుని చెవి, చెవి అని అరిచాను. పెద్దక్కకు చెవులు పూర్తిగా పోయాయని గోపాలన్ రాత్రికి రాత్రి వీధంతా చెప్పాడట. పాపం, స్వామి పాట ఆమెకూ వినిపించాలని, వీధి వైపు కట్టాల్సినవి నా కిటికీ వైపు తిప్పి కట్టించాడు.

పుట్టినప్పటి నుంచీ రెండు భాషల మధ్య బతికాను. చెవిలో దూది ఉంటే ఏ భాషలో ఉన్నానో కూడా తెలియదని ఇప్పుడే తెలిసింది.

"తీయమని చెప్దామా అక్కా?" అని అరిచాడు ధనకోటి.

భక్తితో కట్టినవి. ఎలా తీయమంటాను? ఆడి అయ్యేదాకా ఉండనీ అన్నాను.

ఆడి 16, శుక్రవారం

వీధిలో అందరూ నాతో అరిచి మాట్లాడుతున్నారు. పూలమ్మాయి చేతి సైగలు చేస్తోంది. చెవులు కాపాడుకోవడానికి వ్రతం పట్టాక, ఒక్కరు కూడా నాతో మెల్లగా మాట్లాడటం లేదు.

నాలుగో నియమం, మౌనం: గొట్టాలు పాడుతుంటే మౌనం ఎలా? వదిలేశాను. మిగతా మూడూ గట్టిగా పాటిస్తాను.

ఆడి 19, సోమవారం

ఎడమ ప్లగ్గు కనిపించలేదు. ఇల్లంతా వెతికాం. కన్నియమ్మ వసారాలో కూర్చుని గంట నుంచీ ఏదో నములుతోంది. నన్ను పేరు పెట్టి పిలిచింది.

"ఏం మిఠాయో ఇది, రాజామణీ. నారింజ వాసన కూడా ల్యా. మెత్తపడనే పడదు."

ఇక ఒక్క ప్లగ్గు. మందుల షాపులో కొత్త డబ్బా తీసుకున్నాను, ఇరవై జతలు. కానీ విప్పలేదు. ఆలోచించాను. రెండు చెవులూ మూస్తే ఇంట్లో ఏం జరుగుతుందో చూశాను కదా. కుడి చెవి స్వామికి, ఎడమ చెవి సంసారానికి. సగం వ్రతం కూడా వ్రతమే.

అసలు రంజని చెప్పింది నిజమే. ఆడిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఆడి 23, శుక్రవారం. ఉదయం 11.00

వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. శ్రీకర్ వచ్చి కన్నియమ్మ పక్కన కూర్చున్నాడు. వాడికి నా కుడి వైపు కనిపిస్తోంది. ప్లగ్గు చూసి నాకు వినపడదనుకున్నాడు.

"అవ్వా, నా చెవుల్లో పొద్దస్తమానం కుయ్యిమంటా ఉండాది. పండుకున్నా ఆగల్యా. ఒక నెలగా."

"డాక్టర్‌కి చూపిచ్చరా కన్నా."

"చూపిస్తే అత్తకు తెలుస్తాది. తెలిస్తే షెడ్డు మూసేస్తాది. ఇది కూడా పోతే నేను యాడికి పోవాల?"

"యావురికీ సొల్లమాట్టేన్," అంది కన్నియమ్మ, ఎవరికీ చెప్పనని. చెబుతూనే నా ఎడమ చెవి వైపు చూసింది.

బెండకాయ బదులు వేలు తెగింది. కొద్దిగానే.

ఆడి 24, శనివారం. ఉదయం 6.30

శ్రీకర్ కాఫీ తాగుతూ ఫోన్ చూస్తున్నాడు. వాడి వెనక మూడడుగుల దూరంలో నిలబడి గంట ఊపాను. నాకు వినిపించలేదు. వాడూ తిరగలేదు.

మళ్ళీ ఊపాను. తిరగలేదు.

పెరట్లోంచి కన్నియమ్మ కేకేసింది: "హారతి అయిపొయ్యిందా, రాజామణీ?"

ఇరవై నాలుగేళ్ళు వాడికి. నాకు యాభై నాలుగు. ఏందత్తా, ఏందత్తా అంటే పొగరనుకున్నాను.

ఆ రోజు ఏమీ రాయలేకపోయాను. ఇది ఆదివారం రాస్తున్నాను.

ఆడి 26, సోమవారం

షెడ్డు మూస్తే? చెన్నై వెళ్తాడు. అక్కడ బాక్సులు ఇంకా పెద్దవి, ఎనిమిదికి మూయమనే అత్త ఉండదు.

మూయకపోతే? పడినవి లేవవు.

రెండు సంవత్సరాలు ఉద్యోగం కోసం తిరిగి ముఖం మాడ్చుకున్న పిల్లవాడు. చైత్రంలో మొదటి పాట వేసినప్పుడు వాడి ముఖం చూశాను.

స్వామిని అడిగాను. గొట్టాల్లో పాట మారింది.

ఆడి 31, శనివారం. ఆడి కృత్తిక. ఉదయం 7.00

స్వామి పండుగ, ఊరంతా కావళ్ళు. పసుపు బట్టలు, పూలు. ఈ సాయంత్రం క్లబ్బు కిటకిటలాడుతుందని శ్రీకర్ అంటున్నాడు. నిశ్చయించుకున్నాను. రెండు చెవులకూ కొత్త ప్లగ్గులు. నాలుగు నియమాలూ. వాడికి కూడా ఈ రోజే పెట్టిస్తాను. ఎనిమిదికి మంచి మాటలతో చెబుతాను.

రాత్రి 8.45

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

6.30కి కొలత నూట పదకొండు. శ్రీకర్ పాటలు వేసే బల్ల దగ్గర నిలబడి ఒక చెవికి హెడ్‌ఫోను, రెండో చెవి ఖాళీ, పక్కనే బీరువా అంత బాక్సు. ఎనిమిదిదాకా ఆగలేకపోయాను. నా రెండు ప్లగ్గులూ పీకేశాను, మాట్లాడాలి కదా. (మొదటి నియమం.) డబ్బా పట్టుకుని పిల్లల మధ్య నుంచి బాక్సు దగ్గరికి వెళ్ళాను. (రెండో నియమం.)

"శ్రీకరూ, చెవి! చెవికి పెట్టుకో!"

"ఏందత్తా?"

"చెవి!"

"ఏంది?"

చుట్టూ తమిళ పిల్లలు. వాళ్ళన్నా వాడికి చెబుతారని తమిళంలో అరిచాను:

"కాదు! కాదు!"

వాడు తెలుగులో విన్నాడు. ఈ పాట కాదనుకున్నాడు. తల ఊపి పాట మార్చేశాడు.

"కాదురా! కాదు!"

ఇంకో పాట. పిల్లలు ఈలలు.

చెవి పట్టుకుని చూపించాను. "కాదు!"

"సరే సరే, అర్థమయ్యింది అత్తా!" అని వేలు ఎత్తి, కావడి దరువు వేశాడు.

"పెద్దత్త కేట్ట పాట్టు! పెద్దత్త అడిగిన పాట!" అని వాడే మైకులో చెప్పాడు. అరవై మంది "పెద్దత్తా! పెద్దత్తా!" అని గుండ్రంగా నిలబడి చప్పట్లు.

చిన్నప్పుడు నాయన కావడి ఎత్తితే ముందు నడుస్తూ ఆడినదాన్ని. నలభై ఏళ్ళయింది. కాళ్ళకు ఆ సంగతి చెప్పలేదనుకుంటా.

(మూడో నియమం: నలభై నిమిషాలు.)

ధనకోటి తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచాడు. రంజని ఫోన్‌లో తీసింది. కన్నియమ్మ చెవుల్లో రెండు వేళ్ళు పెట్టుకుని, తల ఊపుతూ చూసింది. ఆ షెడ్డులో బుద్ధి ఉన్నది ఆమెకొక్కదానికే.

ఎనిమిదికి అన్నీ ఆగాయి. ఆగాక కూడా ఆగలేదు. రెండు చెవుల్లోనూ కుయ్యిమని. శ్రీకర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"సూపర్ అత్తా! ఏ పాట అడిగినావు అసలు?"

డబ్బా వాడి చేతిలో పెట్టాను. "పాట కాదురా. చెవి. నువ్వు అవ్వతో చెప్పింది విన్నాను."

వాడి ముఖం తెల్లబోయింది.

"మూసేస్తావా?"

"నాకు కూడా కుయ్యిమంటోంది," అన్నాను.

పక్కపక్కన మెట్ల మీద కూర్చున్నాం. (నాలుగో నియమం ఒక్కటే మిగిలింది.) మాట్లాడినా ఎవరికి వినపడుతుంది?

ఆవణి 1, ఆదివారం. సాయంత్రం 7.15

ఆడి పోయింది. పాతది లెక్కలోకి రాదు. ఈ రోజు మొదటి రోజు.

ఉదయం గోపాలన్ గొట్టాలు విప్పడానికి వచ్చాడు. నాకు బాగానే వినపడుతోందని తమిళంలో చెప్పాను. స్వామి మహిమ అని కొండ వైపు తిరిగి దండం పెట్టాడు. కాదనలేదు. ఆ మాట అతని దగ్గర ఇక వాడను.

సాయంత్రం ఐదుకు అందరం వసారాలో కూర్చున్నాం. అనుకున్నవి రాస్తున్నాను.

రేపు ఎనిమిది గంటల బండికి శ్రీకర్, నేను తిరువళ్ళూరు వెళ్ళాలి. వాడి చెవులు, నావీ ఇద్దరివీ చూపించాలి. వాడు ముందు గొణిగాడు. "నువ్వు గొణిగినా మాకు వినపడదురా, అరిచి చెప్పు," అన్నాడు ధనకోటి. శ్రీకర్ కూడా నవ్వేశాడు.

కొత్త బాక్సులు రెండూ వెనక్కి. "ఊఁ అన్నావు కదత్తా" అన్నాడు. దాని గురించి కింద రాస్తాను.

షెడ్డు మూయరు. కొలత తొంభై దాటకూడదు. ప్రతి అరగంటకూ పదిహేను నిమిషాలు పాట ఆపి రోజ్‌మిల్క్. తలుపు దగ్గర గిన్నెలో ప్లగ్గులు, కొండ మీద విభూతి ఇచ్చినట్టు వచ్చిన ప్రతి పిల్లకూ రెండేసి. పెట్టుకోనివాళ్ళకు రోజ్‌మిల్క్ లేదు. ముందు పెట్టుకోవలసింది శ్రీకర్. నా ఎదురుగా.

కుక్కర్ విజిళ్ళు ఇకపై కన్నియమ్మ లెక్కపెడుతుంది. రెండు నెలలు కాదు, ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ప్రతి ఆదివారం మమ్మల్ని గోడ వైపు తిప్పి నిలబెట్టి వెనక గంట ఊపుతుంది. "వినపడిందని ఎవురూ పొయ్ చెప్పకూడదు," అంది. పొయ్ అంటే తమిళంలో అబద్ధం. ఆడితే కాఫీ లేదట.

చివరిది రంజని పెట్టింది. ఈ ఇంట్లో ఇకపై ఊఁ చెల్లదు. సరే అనో, వద్దు అనో నోరు తెరిచి చెప్పాలి. కాదు అనే మాట అంటే ఏ భాషలో అంటున్నామో కూడా చెప్పాలి.

అందరూ లేవబోతుంటే శ్రీకర్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రెండు చెవుల్లోనూ నారింజ రంగు.

"నేను పెట్టుకుంటా అత్తా. కానీ శనివారం శనివారం నువ్వు కూడా ఒక పాటకు ఆడాల. బాక్సుకు పది బారల దూరంలో."

"ఊఁ," అన్నాను.

"చెల్లదు!" అంది వంటింట్లోంచి కన్నియమ్మ.

"సరే," అన్నాను. తెలుగులో.